కొంగుముడి నుంచి కంతు దాకా



మొన్న అనంతపురంలో విద్యార్థులతో మాట్లాడుతుంటే ఒక చెల్లెలు లేచి అడిగింది. "అన్నా, డ్వాక్రా మాట వస్తే మీరు ఎందుకట్ల మొహం చిట్లిస్తారు? మా అమ్మ సంఘంలో లోను తీసుకునే నా ఇంటర్ ఫీజు కట్టింది." నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే నా డిగ్రీ ఫీజు కూడా అట్లా కట్టిందే. ఆ లోను గురించి, దానికి ముందు మా వాడలో ఉన్న పొదుపు గురించి, ఆ దారిలో మా అమ్మ పోగొట్టుకున్న ఒక మనిషి గురించి ఈ భాగంలో రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది తాడిమర్రి మండలంలో ఒక చిన్న పల్లె. నేను పుట్టినప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ వాన మారలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది, అది కూడా చెనిక్కాయ పూత మీద ఉన్నప్పుడు పడదు, కాయ పెరికి ఆరేసినప్పుడు పడుతుంది. దగ్గరి పట్నం ధర్మవరం, పట్టుచీరలకు పేరు. మా వాడలో ఆ చీర కట్టిన ఆడమనిషిని నా చిన్నప్పుడు చూడలేదు. పాత నూలు చీరలు నాలుగైదు పరిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టిన బొంతలు మాత్రం ప్రతి ఇంట్లో ఉండేవి.

పొదుపరి ఇల్లాలు అనే మాట మీరందరూ వినే ఉంటారు. తెలుగు ముద్రణలో ఈ ఇల్లాలికి మంచి చరిత్రే ఉంది. కందుకూరి వీరేశలింగం 1883లోనే ఆడవాళ్ళ కోసం 'సతీహితబోధిని' పత్రిక పెట్టాడు. 1928లో మద్రాసులో కేసరి గారి 'గృహలక్ష్మి' వచ్చింది. తర్వాత వారపత్రికల్లో ఆడవాళ్ళ పేజీలు వచ్చాయి. పాత చీరతో కిటికీ తెర ఎట్లా కుట్టుకోవాలి, మిగిలిన అన్నంతో వడియాలు ఎట్లా పెట్టుకోవాలి, పాలవాడి లెక్క ఎట్లా రాసుకోవాలి. నేను వీటిని ఎగతాళి చేయడం లేదు. ఆ పేజీలు చదివిన ఆడవాళ్ళ కష్టం వాళ్ళది. కానీ ఆ పేజీలు రాసినవాళ్ళు ఒకటి ముందే అనుకున్నారు. ఇల్లాలికి ఇల్లు ఉంటుంది, ఇంటికి కిటికీ ఉంటుంది, పూట గడిచాక కుండలో అన్నం మిగులుతుంది.

మా అవ్వను, మా అమ్మను ఎవరూ ఇల్లాలు అనలేదు. రెడ్డిగారి కల్లంలో వాళ్ళు కూలోళ్ళు. జీతగాని పెండ్లాలు. పొద్దున నాలుగింటికి లేచి, సంగటి కెలికి, పిల్లల్ని సగబెట్టి, చేలోకి పోయి, పొద్దుగూకినాక వచ్చి మళ్ళా పొయ్యి అంటించేవాళ్ళు ఇల్లు నడపడం లేదన్నట్టే లెక్క. మన ఉద్యమ సాహిత్యంలో కూడా వాళ్ళు చేలో కనిపించినంతగా పొయ్యి దగ్గర కనిపించరు. అంబేడ్కర్ లండన్‌లో చదువుకుంటుంటే బొంబాయిలో రమాబాయి పిడకలు చేసి ఇల్లు నెట్టుకొచ్చిందని మనం సభల్లో చెప్తాం. 1935 మే 27న ఆమె పోయింది, 'థాట్స్ ఆన్ పాకిస్తాన్' పుస్తకాన్ని ఆయన ఆమెకు అంకితమిచ్చాడు, అదీ చెప్తాం. ఆ పరేల్ చాల్‌లో, పిడకలు చేసే ఆ రోజుల్లో, ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఎవరు? ఒక పూట పిండి లేకపోతే ఆమె ఎవరి తలుపు తట్టింది? ఇది మనం అడగం. త్యాగం ఒక్కరే చేసినట్టు చెప్పడం మనకు అలవాటు.

మా అమ్మ తట్టిన తలుపు ఎదురింటిది. ఆమెను నేను పెద్దమ్మ అంటాను. రక్తసంబంధం లేదు. మా అమ్మ ఆ ఊరికి కోడలుగా వచ్చేటప్పటికి పెద్దమ్మ వచ్చి రెండేళ్ళయింది. అమ్మ ఆమెను "అక్కా" అంటుంది, ఆమె అమ్మను "మే" అంటుంది. స్నేహితురాలు అనే మాట వాళ్ళిద్దరి నోట నేను వినలేదు. మా వాడలో స్నేహం అంటే ఒక వరస కలుపుకోవడమే. కలుపుకున్న వరసకు పెళ్ళికి పెట్టుపోతలు, చావుకు పాడె దగ్గర చోటు, అన్నీ ఉంటాయి.

వాళ్ళ పొదుపు ఎట్లాంటిదో చెప్తా. అగ్గిపెట్టె రెండిళ్ళకూ ఒకటే. ముందు లేచినవాళ్ళు పొయ్యి అంటిస్తారు, రెండో ఇంటావిడ పెంకులో నిప్పు తీసుకుపోతుంది. కిరసనాయిలు బుడ్డి అరుగు మీద పెడితే ఇద్దరి పిల్లలమూ దాని ముందర చదువుకున్నాం. కాబట్టి నా పదో తరగతిలో సగం పెద్దమ్మ కిరసనాయిలు. చెనిక్కాయ పెరికినాక ఆసామి కాయ తోలుకుపోతే, మట్టిలో తెగిపడిన కాయల కోసం ఇద్దరూ చిన్న గునపాలు తీసుకుని పోయేవాళ్ళు. ఒకరు తవ్వితే ఒకరు ఏరాలి. సాయంత్రం గడప మీద కూర్చుని శేరుతో కొలిచి చెరిసగం. ఎవరు తవ్వినా, ఎవరు ఏరినా సగమే. విత్తనాల కాలం ముందు ఆసాముల ఇండ్లలో కాయలు ఒలిచే పని వచ్చేది. ఒలిచిన పప్పు కొలతకు కూలి. వేలికొసలు పగిలి రక్తం వచ్చేది. పెద్దమ్మ చేతులు గట్టివి, తొందరగా ఒలిచేది, తన గంప నిండినాక గమ్మున మా అమ్మ గంపలో రెండు దోసిళ్ళు పోసేది. మేస్త్రీ చూస్తే తిట్టేవాడు. చూడకుండా పోయడం కూడా ఒక పనితనమే.

అన్నిటికంటే ముఖ్యం ఆ శేరు. పెద్దింటి నుంచి రాగులు అప్పు తెస్తే వాళ్ళు శేరును చెయ్యితో కొట్టి, సమంగా చేసి ఇస్తారు. తిరిగి తీసుకునేటప్పుడు గోపురం కావాలి, పైగా ఒకటికి ఒకటిన్నర. మా వాడలో ఆడవాళ్ళ చేబదులు దీనికి తిరుగు. ఇచ్చేటప్పుడు గోపురంగా పోస్తారు, తీసుకునేటప్పుడు అంచుదాకా వచ్చిందా అని కూడా చూడరు. కాగితం లేదు, సాక్షి లేదు. కానీ లెక్క లేదనుకోవద్దు! ఏ పండక్కి ఎవరు ఎన్ని శేర్లు బాకీనో ఇద్దరికీ నోటికి వచ్చు. ఆ బాకీ పూర్తిగా తీర్చడం మాత్రం మర్యాద కాదు. తీరిపోతే మళ్ళా ఆ గడప తొక్కడానికి సాకు ఏముంటుంది? అందుకని ఎప్పుడూ ఒక శేరు అటో ఇటో నిలబెట్టుకునేవాళ్ళు.

ఇక డబ్బులు. అవి కొంగుముడిలో ఉండేవి. మొగుడికి తెలియకుండా దాచాల్సినవైతే ఎదురింటావిడ కొంగుముడిలో ఉండేవి. మా నాయన తాగొచ్చి మా అమ్మ కొంగు వెతికిన రోజులు నాకు గుర్తున్నాయి. పెద్దమ్మ కొంగు వెతికే హక్కు ఆయనకు లేదు. మా అమ్మకు తెలిసిన మొదటి బ్యాంకు అదే. లాకరు కూడా.

ఇంతకీ మనకు పొదుపు నేర్పింది ఎవరు? సర్కారు మా జనానికి పొదుపు పాఠం చెప్పడం డ్వాక్రాతో మొదలవలేదు. 1876-78 నాటి ధాత కరువు సంగతి చూడండి. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, 1882 దాకా బళ్ళారి జిల్లాలోనే ఉంది. కరువు పనులకు వచ్చిన జనానికి ఖర్చు ఎక్కువైపోతోందని సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు. రోజంతా నీడ లేని రాళ్ళ పనికి మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా. ఆడమనిషికి అంతకంటే తక్కువ. ఎక్కువ ఇస్తే జనం సర్కారు మీద ఆధారపడి సోమరులైపోతారని భయం! మద్రాసులో శానిటరీ కమిషనరుగా ఉన్న కార్నిష్ ఇది చాలదని, కనీసం 680 గ్రాముల ధాన్యం, కూరగాయలు, పప్పు ఉండాలని పోరాడాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దారి దిగివచ్చి 570 గ్రాముల ధాన్యం, 43 గ్రాముల పప్పు చేసింది. ఆ లోపల ఎన్ని వాడలు ఖాళీ అయ్యాయో. ఈ కరువుల సంగతి ఇంకో భాగంలో వివరంగా రాస్తా. ఇక్కడ చెప్పదలచుకున్నది ఒకటే. తక్కువలో బతకడం నేర్చుకోండని పైనుంచి వచ్చే మాట మా ఇండ్లకు కొత్త కాదు.

అయినా 1990లలో వచ్చింది వేరే తీరు. ఒప్పుకోవాలి. డ్వాక్రా పథకాన్ని కేంద్రం 1982లో 50 జిల్లాల్లో మొదలుపెట్టింది గానీ మన దగ్గర దానికి ఊపిరి పోసింది అధికారులు కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అది 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాన్ని సడలించారు. సారాకు పోయే డబ్బు చేతిలో మిగిలితే ఏం చేయాలి అన్న ప్రశ్న నుంచి నెల్లూరులో రోజుకు రూపాయి పొదుపు పుట్టింది. అంటే పొదుపు సంఘానికి తల్లి ఒక పోరాటం. ఈ ముక్క ఇప్పుడు ఏ బ్యాంకు గోడ మీదా రాసి ఉండదు.

మా ఊరికి సంఘం వచ్చినప్పుడు అమ్మ, పెద్దమ్మ మొదటి రోజే చేరారు. నెలకు 30 రూపాయలు. ఇద్దరూ వేలిముద్రల నుంచి సంతకానికి వచ్చింది ఆ పుస్తకం కోసమే. అమ్మ సంతకం పెట్టడం నేర్చుకున్న రాత్రి నా పలకంతా తన పేరే. ఆ సంతోషాన్ని నేను ఏ సిద్ధాంతంతోనూ కొట్టేయలేను.

కానీ ఒకటి గమనించండి. సంఘంలో సభ్యులు ఒకే తీరు వాళ్ళు అయి ఉండాలని, ఒకే పరిస్థితి, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉండాలని పైవాళ్ళు నియమం పెట్టారు. నియమం రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు. ఊరు దాన్ని తన భాషలో చదువుకుంది. ఒకే తీరు అంటే ఒకే కులం. రెడ్ల సంఘం, బోయల సంఘం, మాదిగల సంఘం, మాలల సంఘం. ఊళ్ళో గ్రామ సమాఖ్య మీటింగ్ అయితే మా వాళ్ళు చాప చివర. ఆడవాళ్ళంతా ఒక్కటే అని పాట పాడి, ఆ పాట అయినాక ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకోవాలి.

2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది. నూటికి నెలకు 25 పైసలు, అంటే ఏడాదికి 3 రూపాయలు. అదే నూటికి ఊళ్ళో నెలకే 2, 3 రూపాయలు గుంజేవాళ్ళు. లెక్క చెప్పనక్కర్లేదు. నా డిగ్రీ ఫీజు ఆ డబ్బే. చెల్లీ, నువ్వు చెప్పింది నిజం, నేను కాదనను. మన జిల్లాలోనే చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ పనిచేసిన పల్లెల్లో ఆడవాళ్ళు తమ పొదుపుతోనే సొంత సహకార సంఘాలు పెట్టుకున్నారు. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార చట్టం వాళ్ళకు అక్కరకొచ్చింది. డబ్బు వాళ్ళది, తీర్మానం వాళ్ళది. పొదుపు అనేది ఎవరి చేతిలో ఉంటే అట్లా ఉంటుంది.

మా పల్లెకు వచ్చింది ఇంకొకటి. బండి మీద వచ్చే కంపెనీ. పేరు రాయను. 2007లో అనుకుంటా. ఐదుగురు ఆడవాళ్ళు జట్టు కట్టండి, భూమి కాగితం వద్దు, బంగారం వద్దు, తలా 10,000 ఇస్తాం, వారం వారం కంతు, 50 వారాలు. సెలవులకు ఇంటికి వచ్చిన నేనే ఆ ఫారాలు నింపాను. అందులో ఒకరు కట్టకపోతే మిగతా నలుగురు బాధ్యులు అని ఉంది. అమ్మ అడిగింది, "ఏముందిరా దాంట్లో?" నేను డిగ్రీ చదువుతున్నవాణ్ణి. "ఏం లేదులేమా, మీరు ఎట్లాగూ ఒకరికొకరు ఉంటారు కదా, అదే రాసినారు" అన్నాను.

నా మాట తప్పు కూడా కాదు. వాళ్ళు రాయించుకున్నది సరిగ్గా అదే. మా ఆడవాళ్ళ దగ్గర తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు, ముప్పై ఏళ్ళ చేబదులు తప్ప. కంపెనీ దానికి వెల కట్టి తాకట్టు పెట్టుకుంది. పాత లెక్కలో బాకీ ఉంటే మనిషి ఇంటికి రావడానికి సాకు దొరికేది. కొత్త లెక్కలో వారం గడువు దాటితే అదే మనిషి ఇంటి మీదికి రావాల్సి వచ్చింది.

మరుసటి ఏడు పెద్దమ్మ మొగుడికి జబ్బు చేసింది. మూడు వారాలు కంతు తప్పింది. నాలుగో వారం బండి మనిషి వచ్చి నలుగురినీ పిలిచాడు. ఆమె కట్టేదాకా మీరెవరూ పనికి పోయేది లేదు, ఆమె ఇంటి ముందర కూర్చోండి, లేకుంటే మీకు రెండో లోను రాదు అన్నాడు. మా అమ్మకు ఆ రెండో లోను కావాలి. నా చెల్లెలి పెళ్ళి కుదిరింది. నలుగురూ పోయి ఆ గడప ముందర కూర్చున్నారు. ఏ గడప మీద ఇరవై ఏళ్ళు కాయలు కొలుచుకున్నారో ఆ గడపే. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం దాకా. మధ్యలో పెద్దమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. ఎవరూ తాగలేదు. తాగితే ఎట్లా అడుగుతారు? మధ్యాహ్నం ఆమె పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి బిందె తీసుకుని ధర్మవరం బస్సెక్కింది. సాయంత్రం మూడు కంతులూ కట్టేసింది. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. మా అమ్మ పోలేదు.

2010లో ఇట్లాంటి అప్పుల ఒత్తిడికి రాష్ట్రంలో ఆత్మహత్యలు జరిగి, పెద్ద గొడవ అయ్యాక, అక్టోబరు 15న సర్కారు ఆర్డినెన్సు తెచ్చింది. ఇండ్ల మీదికి వచ్చి వసూలు చేయడం ఆగింది, వారం కంతులు పోయాయి. బండి మళ్ళా మా ఊరికి రాలేదు. పత్రికలు పరిశ్రమ ఎంత నష్టపోయిందో రాశాయి. ఎదురెదురు ఇండ్ల మధ్య ఏం నష్టపోయిందో ఏ ఆడిటరు లెక్క కడతాడు? అమ్మ ఒక్కసారే నాతో అంది. "ఆ నీళ్ళు తాగింటే బాగుండు రా."

ఆ తర్వాత సర్కార్లు మారాయి. వడ్డీ లేని రుణాలు వచ్చాయి. పసుపు-కుంకుమ పేరు మీద తలా 10,000 ఇచ్చారు. పెద్దమ్మకూ వచ్చింది. అప్పటికి మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. బొట్టు తీసేసిన మనిషికి పసుపు-కుంకుమ డబ్బు. పేరు పెట్టినవాళ్ళ బుర్రలో ఉన్న ఇల్లాలు ఎవరో దాన్నిబట్టే తెలుస్తుంది. 2020లో ఆసరా వచ్చింది. ప్రతి సర్కారూ వీళ్ళను అక్కచెల్లెమ్మలని పిలిచింది. వాళ్ళిద్దరూ మాత్రం పద్నాలుగేళ్ళు పలకరించుకోలేదు. చావులకు ఒకే పాడె దగ్గర నిలబడేవాళ్ళు, అంతే.

2022 జూన్ 30 పొద్దున. మా తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర, కూలిపనికి పోతున్న ఆడవాళ్ళ ఆటో మీద హైటెన్షన్ కరెంటు తీగ తెగిపడింది. ఆటో మంటల్లో కాలిపోయింది. 5 మంది ఆడవాళ్ళు సజీవంగా దహనమయ్యారు. దేశమంతా వార్త అయింది. ఉడుత కరెంటు స్తంభం ఎక్కడం వల్ల తీగ తెగిందని విద్యుత్ అధికారులు చెప్పారు. దేశం కొన్ని రోజులు ఆ ఉడుత గురించే మాట్లాడింది. ఆ ఆటోలో పోతున్నవాళ్ళు పొద్దున పొయ్యి అంటించి, పిల్లలకు ఇంత పెట్టి, సద్ది కట్టుకుని బయలుదేరినవాళ్ళు.

ఫోన్లలో మాట పాకేటప్పటికి ఊళ్ళలో ఎవరి ఆటో, ఏ ఊరి ఆటో ఇంకా తెలియదు. మా చెల్లెలు చెప్పింది ఇది. అమ్మ చేతిలో చేట కింద పెట్టి, చెప్పులు కూడా లేకుండా వీధి దాటింది. పెద్దమ్మ అప్పటికీ ఆటోలో కూలికి పోతూనే ఉంది, ఆ వయసులో. తలుపు దగ్గరికి వేసి ఉంది. అమ్మ "అక్కా" అని రెండుసార్లు పిలిచిందట. లోపలి నుంచి, "ఈపొద్దు పోలేదు మే, మోకాళ్ళు నొచ్చినాయి. లోపలికి రా" అని వినపడింది.

అమ్మ పోయి కూర్చుంది. నీళ్ళు అడిగి తాగింది. ఇద్దరూ చాలాసేపు చనిపోయినవాళ్ళ గురించే మాట్లాడుకున్నారట, తర్వాత ఏడ్చారట. మధ్యాహ్నానికి చెల్లెలు వెతుక్కుంటూ పోతే వాళ్ళు పాత లెక్క తీసి కూర్చున్నారు. 2008లో మాటలు ఆగిపోయేటప్పటికి ఎవరు ఎవరికి ఎన్ని శేర్ల రాగులు బాకీ అని. అమ్మ తాను రెండు శేర్లు ఇవ్వాలంటుంది. పెద్దమ్మ, కాదు, ఇవ్వాల్సింది తానేనంటుంది, మూడు అంటుంది. మొన్న సంక్రాంతికి నేను ఇంటికి పోయినప్పుడు కూడా అరుగు మీద కూర్చుని ఇదే వాదన. ఇప్పుడు రాగులు ఎవరూ కొలిచి తెచ్చుకోవడం లేదు, ఇద్దరివీ రేషన్ బియ్యమే. శేరు మా ఇంట్లో అటక మీద ఉంది. లెక్క తేలలేదు.

(తరువాయి భాగం: కరువులు, గంజి కేంద్రాలు)